మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉబ్బిన కెపాసిటర్లు: తక్కువ ఖర్చుతో హార్మోనిక్స్ కొలిచిన కేసు

నేపథ్యం

గుంటూరు ప్రాంతంలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఇది. పేరు, ఊరు, గుర్తుపట్టే ఇతర వివరాలు వదిలేశాను. హార్మోనిక్స్ (50 హెర్ట్జ్ సరఫరాలో కలిసి వచ్చే, దానికి రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న అలలు) కొలవాలంటే లక్షల రూపాయల అనలైజర్ ఉండాల్సిందేనని నమ్మే చిన్న పరిశ్రమలు మన దగ్గర చాలా ఉన్నాయి. కొలవలేక ఊరుకోవడమో, అమ్మేవారి మాట నమ్మి ఫిల్టర్ కొనేయడమో చేస్తున్నారు. ఆ రెండూ నష్టమే కాబట్టి ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

సరఫరా 11 కేవీ. ట్రాన్స్‌ఫార్మర్ 500 కేవీఏ, ఇంపీడెన్స్ 4.5 శాతం, సెకండరీ 433 వోల్టులు. అమ్మోనియా కంప్రెసర్లు నాలుగు. రెండు పాత 75 కిలోవాట్ల మోటార్లు స్టార్-డెల్టా స్టార్టర్ మీద నడుస్తాయి. కరెంటు ఆదా కోసం తర్వాత పెట్టిన రెండు 90 కిలోవాట్ల మోటార్లకు వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు) ఉన్నాయి. వాటికి ఇన్‌పుట్ చోకులు (కరెంటు శిఖరాలను అణిచే తీగచుట్టలు) పెట్టలేదు. కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్ తగ్గితే పెరిగే యూనిట్లు) మీద బిల్లు వస్తుంది కాబట్టి పవర్ ఫ్యాక్టర్ పడిపోకుండా ఒక ఏపీఎఫ్‌సీ ప్యానెల్ (అవసరాన్ని బట్టి కెపాసిటర్లను దానంతటదే కలిపి, తీసేది) ఉంది: 25 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యానికి కొలమానం) చొప్పున పది స్టెప్పులు, 440 వోల్టుల కెపాసిటర్లు, వాటితో వరుసలో ఉండాల్సిన రియాక్టర్లు (తీగచుట్టలు) లేవు.

సమస్య

వీఎఫ్‌డీలు వచ్చాక రెండో సీజనుకే కెపాసిటర్లు ఉబ్బడం మొదలైంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో యార్డు నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) వరుసగా దిగే రోజుల్లో ఇది మరీ ఎక్కువ. కంటాక్టర్ల పాయింట్లు కాలిపోయేవి. ప్లాంటు ఎలక్ట్రీషియన్ చెప్పిన ఒక్క మాటలోనే అసలు ఆనవాలు ఉంది: "సార్, పగలు ఎప్పుడు చూసినా అన్నీ బాగానే ఉంటాయి. పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ఒకటి ఉబ్బి ఉంటుంది."

నేను వెళ్లేనాటికి యజమాని చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి, అద్దెకు తెచ్చిన క్లాస్ ఏ పవర్ క్వాలిటీ అనలైజర్‌తో ఒక పగలంతా తీసిన రిపోర్టు. వోల్టేజి టీహెచ్‌డీ (హార్మోనిక్స్ అన్నీ కలిపిన శాతం) 3.8 శాతం, పరిమితికి లోబడే ఉంది, సమస్య లేదు అని దాని సారాంశం. రెండోది యాక్టివ్ హార్మోనిక్ ఫిల్టర్ కొటేషన్. అందులో కరెంటు టీహెచ్‌డీ 70 శాతం ఉందని, ఫిల్టర్ తప్పనిసరని రాసి ఉంది. ఒకే ప్లాంటు గురించి ఒక కాగితం ఏమీ లేదంటుంటే, మరొకటి ప్రమాదం అంటోంది. నిజానికి రెండు కొలతలూ తప్పు కావు. అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. యజమాని ప్రశ్న మాత్రం కెపాసిటర్లు రాత్రిపూట ఎందుకు పోతున్నాయన్నది. దానికి ఆ రెండు కాగితాల్లోనూ జవాబు లేదు.

కొలతల కోసం ఆయన ఇవ్వగలిగింది 60 వేల రూపాయలు.

కొనడానికి ముందు వేసిన లెక్క

సాధనం ఎంచుకునే ముందు ఏమి వెతుకుతున్నామో కాగితం మీద తేల్చుకోవాలి. ఆరు పల్సుల రెక్టిఫయర్ ఉన్న వీఎఫ్‌డీ ప్రధానంగా 5, 7, 11, 13వ హార్మోనిక్స్‌ను పంపుతుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో అవి 250, 350, 550, 650 హెర్ట్జ్. కెపాసిటర్ బ్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్ కలిసి ఎక్కడో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనెన్స్‌లోకి వస్తాయి, అక్కడ పడే హార్మోనిక్ బాగా పెరిగిపోతుంది. అది ఎన్నో హార్మోనిక్ దగ్గర పడుతుందో సులభంగానే తెలుస్తుంది: షార్ట్ సర్క్యూట్ కేవీఏను కెపాసిటర్ల కేవీఏఆర్‌తో భాగించి వర్గమూలం తీస్తే చాలు.

ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే అయితే 500ను 0.045తో భాగిస్తే సుమారు 11,100 కేవీఏ. 11 కేవీ వైపు ఫాల్ట్ లెవెల్ 100 ఎంవీఏగా తీసుకుని కలిపితే మొత్తం దాదాపు 10,000 కేవీఏ. ఆరు స్టెప్పులు, అంటే 150 కేవీఏఆర్ ఉంటే రెజొనెన్స్ 8.2 దగ్గర పడుతుంది. ఆ ఫ్రీక్వెన్సీలో వీఎఫ్‌డీ పంపేది దాదాపు ఏమీ ఉండదు. పది స్టెప్పులూ ఉంటే 6.3. ఎనిమిది స్టెప్పులు, అంటే 200 కేవీఏఆర్ ఉంటే మాత్రం 50కి వర్గమూలం, 7.07. సరిగ్గా ఏడో హార్మోనిక్ మీద.

ఇది అనుమానం మాత్రమే, రుజువు కాదు. కానీ సాధనానికి ఏయే లక్షణాలు కావాలో ఈ లెక్కే చెప్పింది. ఏడో హార్మోనిక్‌ను విడిగా చూపాలి, మొత్తం టీహెచ్‌డీ చాలదు. శాతంతో పాటు ఆంపియర్లు తెలియాలి. రాత్రంతా, రోజుల తరబడి రికార్డు చేయాలి. ఏ క్షణంలో ఎన్ని స్టెప్పులు ఉన్నాయో పక్కనే తెలియాలి. 650 హెర్ట్జ్ దాటి చూడాల్సిన పని లేదు. 2 శాతం ఉన్నది 10 శాతానికి పెరిగిందా అన్నదే ప్రశ్న కాబట్టి, పదో వంతు శాతం కచ్చితత్వానికి డబ్బు పెట్టనవసరం లేదు.

ఖరీదు ఎక్కడ తగ్గించవచ్చో ఇక్కడే తేలింది. క్లాస్ ఏ అంటే ఐఈసీ 61000-4-30 ప్రమాణం ప్రకారం, ఎవరు ఎక్కడ కొలిచినా ఒకే జవాబు రావాలన్న హామీ. ఒక్కో కొలతకు పది సైకిళ్ల వ్యవధి, కచ్చితమైన గడియారం, వాటికి పరీక్షలు ఉంటాయి. డిస్కంతో వివాదం వస్తే ఆ హామీ అవసరం. సొంత ప్లాంటులో లోపం వెతకడానికి అవసరం లేదు.

పనికిరానివి

ముందుగా ఎలక్ట్రీషియన్ దగ్గరున్న మామూలు క్లాంప్ మీటరు. వీఎఫ్‌డీ ఇన్‌పుట్ దగ్గర అది 76 ఆంపియర్లు చూపింది. పక్కనే ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంప్ (ఏ ఆకారపు కరెంటుకైనా అసలు విలువ చూపేది) పెడితే 104. మొదటిది సగటు విలువ కొలిచి 1.11తో హెచ్చిస్తుంది. ఆ గుణకం శుద్ధమైన సైన్ తరంగానికే సరిపోతుంది. వీఎఫ్‌డీ లాగే కరెంటు సన్నని రెండు శిఖరాలుగా వస్తుంది కాబట్టి నాలుగో వంతుకు పైగా తక్కువ చూపింది. కేబుళ్లు ఎందుకు వేడెక్కుతున్నాయో తెలియక తికమకపడుతున్న ప్లాంటుల్లో మొదట మార్చాల్సింది ఈ మీటరునే. కానీ ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంప్ కూడా ఏ హార్మోనిక్ ఎంత ఉందో చెప్పదు. రాత్రి రెండు గంటలకు దాన్ని పట్టుకుని ఎవరూ నిలబడరు.

తర్వాత ఆసిలోస్కోప్ (తరంగాన్ని తెర మీద గీసి చూపే సాధనం). ప్లాంటులో కొత్తగా చేరిన కుర్రాడికి ఎలక్ట్రానిక్స్ మీద మంచి ఆసక్తి. చవకైన స్కోపులో ఎఫ్‌ఎఫ్‌టీ (తరంగాన్ని హార్మోనిక్స్‌గా విడగొట్టే లెక్క) ఉంది కదా అన్నాడు. నేను వద్దన్నది ముందుగా భద్రత కోసం. స్కోపు ప్రోబు నల్ల క్లిప్పు ఎర్తుకు కలిసి ఉంటుంది. దాన్ని పొరపాటున ఫేజుకు తగిలిస్తే, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి భారీ ఫాల్ట్ కరెంటు ఆ సన్నని తీగలోంచి వెళ్తుంది. డిఫరెన్షియల్ ప్రోబు కొంటే ఆ ప్రమాదం తగ్గుతుంది కానీ బడ్జెట్‌లో పెద్ద భాగం దానికే పోతుంది. పైగా ఎనిమిది బిట్ల స్కోపుకు ఉన్నవి 256 మెట్లు. వోల్టేజిలో ఒక శాతం హార్మోనిక్ అంటే అందులో ఒకటి రెండు మెట్లే. తరంగ ఆకారం కళ్లారా చూడటానికి స్కోపు చాలా మంచిది, వారాల తరబడి లెక్క రాయడానికి కాదు.

అదే కుర్రాడు ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు, 100 ఆంపియర్ల స్ప్లిట్ కోర్ సీటీ (తీగ చుట్టూ బిగించే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్) కలిపి సొంతంగా ఒక కిట్ తయారు చేశాడు. ఖర్చు రెండు వేలు కూడా కాలేదు. దాన్ని తోసిపుచ్చకుండా పరీక్షకు పెట్టాం. ఆ పరీక్షను వివరంగా చెబుతాను, ఎందుకంటే ఏ చౌక సాధనాన్నయినా ఎవరైనా ఇలా పరీక్షించవచ్చు.

సిబ్బంది గదిలో 2 కిలోవాట్ల గీజరు ఉంది. దాని ఎలిమెంటు శుద్ధమైన రెసిస్టెన్సు. రెసిస్టెన్సులో కరెంటు ఆకారం వోల్టేజి ఆకారాన్ని అచ్చంగా అనుసరిస్తుంది కాబట్టి, రెండింటి టీహెచ్‌డీ ఒకటే కావాలి. గీజరు లాగేది 8.7 ఆంపియర్లే. వంద ఆంపియర్ల సీటీకి అది చాలదు. అందుకని సరఫరా ఆపి, ఫేజు వైరును సీటీ రంధ్రంలోంచి పది చుట్లు తిప్పాం. ఇప్పుడు సీటీకి 87 ఆంపియర్లు కనిపిస్తాయి. స్విచ్ వేసి చూస్తే వోల్టేజి టీహెచ్‌డీ 2.9 శాతం. కిట్ చూపిన కరెంటు టీహెచ్‌డీ 6.4. మిగిలిన మూడున్నర శాతం ప్లాంటులో లేదు, కిట్‌లోనే పుడుతోంది. ఈఎస్‌పీ32లోని ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే భాగం) తన పరిధి రెండు చివర్లలో వంగిపోతుంది. శిఖరాలు అణిగితే లేని హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి. బయట ఏడీఎస్131ఎమ్04 లాంటి 24 బిట్ల ఏడీసీ పెడితే ఈ లోపం పోతుంది. అప్పటికీ కరెంటు ప్యానెల్‌లో తెరిచి పెట్టిన బోర్డుకు ఇన్సులేషన్ హామీ ఎవరిస్తారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. బెంచి మీద నేర్చుకోవడానికి అది ఎంతో విలువైన కిట్. 433 వోల్టుల బస్‌బార్ పక్కన పెట్టేది మాత్రం కాదు.

చేతిలో పట్టుకునే హార్మోనిక్ పవర్ క్లాంపులనూ చూశాం. వీటిలో కొన్ని 20వ హార్మోనిక్ దాకా విడివిడిగా చూపుతాయి. ధర అందుబాటులోనే ఉంది. కానీ ఒకసారికి ఒక ఫేజునే చూస్తాయి, రికార్డు చేసే శక్తి తక్కువ. సమస్య పగటిపూట ఉండి ఉంటే నేను దాన్నే కొనిపించేవాణ్ణి.

ఎంచుకున్నది

ప్యానెల్ తలుపు మీద బిగించే మల్టీఫంక్షన్ మీటర్లు రెండు తీసుకున్నాం: ఒకటి ఇన్‌కమర్‌కు (ప్లాంటుకు సరఫరా వచ్చే ప్రధాన లైనుకు), ఒకటి కెపాసిటర్ ఫీడరుకు. ఇన్‌కమర్‌కు ఉన్న 800/5 సీటీలే సరిపోయాయి. మామూలు మీటరింగ్ సీటీ 13వ హార్మోనిక్ దాకా నమ్మకంగా పనిచేస్తుంది. కెపాసిటర్ ఫీడరుకు 400/5 స్ప్లిట్ కోర్ సీటీలు కొన్నాం. ఉన్న సీటీలకు మీటరు కలిపేటప్పుడు సెకండరీని ఒక్క క్షణం కూడా తెరిచి ఉంచకూడదు, ప్రాణాంతకమైన వోల్టేజి పుడుతుంది. అందుకే షార్టింగ్ లింకులు వేశాకే వైర్లు ముట్టుకున్నాం. రెండు మీటర్లకూ ఆర్‌ఎస్-485 కమ్యూనికేషన్ పోర్టు ఉంది. ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ పది సెకన్లకోసారి వాటిని చదివి ఫైల్లో రాస్తుంది. సీటీలు, కన్వర్టరుతో కలిపి మొత్తం 60 వేలలోనే సర్దుబాటు అయింది.

ఇలాంటి మీటరు కొనేటప్పుడు బ్రోచర్ చూసి మోసపోయే చోట్లు ఉన్నాయి. "హార్మోనిక్స్ కొలుస్తుంది" అని రాసిన వాటిలో చాలావరకు టీహెచ్‌డీ ఒక్కటే ఇస్తాయి. కొన్ని విడి హార్మోనిక్స్‌ను తెర మీద చూపుతాయి కానీ కమ్యూనికేషన్ పోర్టు ద్వారా ఇవ్వవు. కాబట్టి డబ్బు కట్టేముందు మోడ్‌బస్ రిజిస్టర్ల పట్టిక (పోర్టు ద్వారా చదవగల కొలతల జాబితా) తెప్పించుకుని, మూడు ఫేజులకూ ఏడో హార్మోనిక్ రిజిస్టరు ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. మేం ఒక మోడల్‌ను సరిగ్గా ఈ కారణంతోనే వద్దన్నాం. ఇంకొకటి: మీటరు మీద ఉన్న 0.5ఎస్ అన్న తరగతి ఎనర్జీ కొలతకు సంబంధించినది. హార్మోనిక్స్ ఎంత కచ్చితంగా కొలుస్తుందో అది చెప్పదు. అందుకే దీన్నీ గీజరు దగ్గరే పరీక్షించాం. వోల్టేజి 2.9, కరెంటు 3.0. మా పనికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

నిర్వచనం దగ్గర కూడా జాగ్రత్త కావాలి. టీహెచ్‌డీని ఫండమెంటల్‌తో (50 హెర్ట్జ్ భాగంతో) పోల్చి చెప్పే మీటర్లు కొన్ని, మొత్తం ఆర్‌ఎంఎస్‌తో పోల్చేవి కొన్ని. వీఎఫ్‌డీ దగ్గర మా కొత్త మీటరు 57 శాతం చూపితే, ఫిల్టర్ కొటేషన్‌లో 70 ఉంది. ఫండమెంటల్ 85 ఆంపియర్లు, మొత్తం 104 ఆంపియర్లు. హార్మోనిక్స్ భాగం దాదాపు 60. దాన్ని 85తో భాగిస్తే 70 శాతం, 104తో భాగిస్తే 57. కొలత ఒకటే. ఇది తెలియక మంచి మీటర్లను వెనక్కి పంపినవాళ్లను చూశాను.

స్టెప్పుల లెక్కకు వేరే వైరింగ్ అవసరం పడలేదు. కెపాసిటర్ ఫీడరు మీటరు చూపే కేవీఏఆర్‌ను 25తో భాగిస్తే, వోల్టేజి వల్ల వచ్చే కొద్ది తేడాతో, ఎన్ని స్టెప్పులు పడి ఉన్నాయో అదే తెలిసిపోతుంది.

లాగ్ చూపించింది

కొన్ని రాత్రుల లాగ్ గ్రాఫుగా గీస్తే అనుమానానికి తావు లేకుండా పోయింది. ఆరు స్టెప్పుల దగ్గర వోల్టేజిలో ఏడో హార్మోనిక్ 2 శాతం లోపు. ఏడో స్టెప్పు పడగానే పెరుగుదల మొదలు. ఎనిమిదో స్టెప్పు పడిన పది సెకన్లకే 11 శాతం. తొమ్మిదో స్టెప్పుతో మళ్లీ కిందికి. కెపాసిటర్‌లో ఏడో హార్మోనిక్ కరెంటు శాతం వోల్టేజిలోని శాతానికి ఏడు రెట్లు ఉంటుంది, ఎందుకంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కెపాసిటర్ అడ్డు తగ్గుతుంది. అంటే 77 శాతం. 33 ఆంపియర్ల కెపాసిటర్ రాత్రంతా 41, 42 ఆంపియర్లు మోస్తోంది. వేసవి గదిలో, రాత్రి వోల్టేజి 440 దాకా పెరిగిన వేళ, అది ఎక్కువ కాలం బతకదు.

రాత్రే ఎందుకన్నదీ అదే లాగ్ చెప్పింది. పగలు టిక్కీలు దిగుతూ తలుపులు తెరిచి ఉన్నప్పుడు నాలుగు కంప్రెసర్లూ నడిచి పది స్టెప్పులూ పడతాయి. రాత్రి చల్లబడ్డాక పాత కంప్రెసర్ల మీద లోడు తగ్గుతుంది. కంట్రోలర్ ఎనిమిది దగ్గర గంటల తరబడి నిలబడిపోతుంది. లోడు తగ్గడంతో రెజొనెన్స్‌ను అణిచే రెసిస్టెన్సు కూడా తగ్గుతుంది. అద్దె అనలైజర్ పెట్టిన రోజున పాత కంప్రెసర్ ఒకటి మరమ్మతులో ఉంది. ఆ పగలంతా ఆరు స్టెప్పులు దాటలేదు. అత్యంత కచ్చితమైన సాధనం, సమస్య లేని గంటలను అత్యంత కచ్చితంగా కొలిచి వెళ్లింది.

చేసిన మార్పులు

ఆ రోజే కంట్రోలర్‌ను రాత్రిపూట ఆరు స్టెప్పులకు పరిమితం చేశాం. పవర్ ఫ్యాక్టర్ కొద్దిగా తగ్గింది, బిల్లు కొంచెం పెరిగింది. కెపాసిటర్లు ఉబ్బడం ఆగింది. దిద్దుబాటు పరికరం ఏదీ కొనకుండానే కారణం రుజువైంది కాబట్టి, ఖర్చు పెట్టడానికి యజమానికి ధైర్యం వచ్చింది.

శాశ్వత పరిష్కారంగా 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లు పెట్టించాం. వాటితో కెపాసిటర్ శాఖ 189 హెర్ట్జ్‌కు ట్యూన్ అవుతుంది. ఐదో హార్మోనిక్ కంటే కింద కాబట్టి ఎన్ని స్టెప్పులు పడినా 5, 7 దగ్గర రెజొనెన్స్ రాదు. డబ్బు మిగులుతుందని పాత 440 వోల్టుల కెపాసిటర్లనే వాడదామని సప్లయర్ అన్నాడు. ఒప్పుకోలేదు. రియాక్టరు వరుసలో ఉంటే కెపాసిటర్ మీద వోల్టేజి 0.93తో భాగించినంత పెరుగుతుంది. రాత్రి 440 ఉంటే కెపాసిటర్ మీద 473 పడుతుంది. 525 వోల్టుల కెపాసిటర్లు వేయించాం. వీఎఫ్‌డీలు రెండింటికీ ఇన్‌పుట్ లైన్ చోకులు పెట్టాం. మూలంలోనే హార్మోనిక్స్ తగ్గించడానికి అంతకంటే చవకైన మార్గం లేదు.

యాక్టివ్ ఫిల్టర్ కొనలేదు. కొటేషన్‌లోని 70 శాతం ఒక్క వీఎఫ్‌డీ తీగలోది. ఐట్రిపుల్‌ఈ 519 పరిమితులు పరిశ్రమ, డిస్కం కలిసే చోటుకు వర్తిస్తాయి, లోపలి ఒక్కో యంత్రానికి కాదు. అక్కడ కరెంటును పోల్చాల్సింది ఆ క్షణంలోని కరెంటుతో కాదు, గరిష్ఠ డిమాండు కరెంటుతో. తక్కువ లోడు మీద టీహెచ్‌డీ శాతం భయపెట్టేలా ఉన్నా ఆంపియర్లు కొన్నే ఉండవచ్చు. ఇన్‌కమర్ మీటరులోని ఆంపియర్ల లాగ్ ముందు పెట్టాక, అమ్మకానికి వచ్చినవారు కూడా ఆ విషయాన్ని కాదనలేదు.

ఇప్పుడు వోల్టేజిలో ఏడో హార్మోనిక్ అన్ని స్టెప్పుల దగ్గరా 2 శాతం లోపే ఉంది. ఆ తర్వాతి సీజనులో ఒక్క కెపాసిటర్ కూడా పోలేదు.

ఈ పద్ధతి సరిపోని సందర్భాలు

డిస్కం నుంచి హార్మోనిక్స్ మీద నోటీసు వస్తే ఈ మీటర్ల లాగ్ చెల్లదు. అప్పుడు 11 కేవీ వైపు క్లాస్ ఏ సాధనంతో కొలిపించాలి. అయితే ఏ వారం, ఏ వేళల్లో కొలవాలో చెప్పడానికి ఈ లాగే ఆధారం. క్షణకాలపు వోల్టేజి కుంగుళ్లు, మెరుపు దెబ్బలు పది సెకన్ల రికార్డుకు దొరకవు. ఎల్‌ఈడీలు, కంప్యూటర్లు నిండిన ఆసుపత్రి, కార్యాలయ భవనాల్లో మూడో హార్మోనిక్ న్యూట్రల్‌లో కూడుకుంటుంది. అక్కడ నాలుగో సీటీని న్యూట్రల్‌కు వేయకపోతే అసలు సమస్యే కనిపించదు.

మీటర్లను తీయవద్దని యజమానికి చెప్పాను. షెడ్డు పైకప్పు మీద సోలార్ పెట్టే ఆలోచన ఉంది. ఇన్వర్టర్లు వచ్చాక పగటి లోడు తీరు మారుతుంది, స్టెప్పులు పడే తీరూ మారుతుంది. పోల్చుకోవడానికి ఈ సీజను లాగ్ మొత్తాన్ని విడిగా దాచి ఉంచాం.